శరత్‌బాబు సందేహాలు, సాఫల్యం

కుమ్మరి తాను చేసిన కుండను వ్రేలితో తట్టి చూచుకొంటాడు. ఖంగున మ్రోగితే అది గట్టిదని నమ్ముతాడు. కంసాలికి గీటురాయి ఉన్నది. సేద్యగానికి కళ్లంలో పోసిన రాశి ఉన్నది. వీరి పనికి విలువ కట్టటానికి వేరొకరి మాట అక్కరలేదు. కథ వ్రాసేవాని సంగతి అట్లా కాదు. తన కథ మంచిదో చెడ్డదో తేల్చుకొనటానికి అతని చేతిలో ఏ గీటురాయీ లేదు. శాకుంతల నాటక ప్రస్తావనలో కాళిదాస మహాకవి సైతం, విద్వాంసులు సంతోషించేదాకా తన విద్యపై తనకు నమ్మకం కుదరదన్న భావాన్ని సూత్రధారుని నోట పలికించినాడు. అయితే నాటకకర్తకు ఎదుట సభ అంటూ ఉన్నది. మెచ్చుకోలైనా పెదవి విరుపైనా ఆ రాత్రికే తెలిసిపోతుంది. నవలాకారునికి ఆ సభ కూడా లేదు. అతడు ఒంటరిగా కూర్చుండి వ్రాస్తాడు. ఎవరో, ఎక్కడో, ఎన్నడో చదువుతారు. వ్రాసిన చేతికీ చదివే కంటికీ నడుమ ఉన్న ఈ దూరమే అతని సందేహాలకు పుట్టినిల్లు.

ఈ సందేహం ఒక గొప్ప కథకుని జీవితాన్ని ఏయే మలుపులు త్రిప్పినదో తెలుసుకొనటానికి శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని చరిత్రను మించిన ఉదాహరణం అరుదు. తెలుగు ఇళ్లలో ఈ పేరుకు పరిచయం అక్కరలేదు. దేవదాసు, పార్వతి మనకు ఇరుగుపొరుగువారివలె తెలిసినవారు. శరత్‌బాబు తెలుగు రచయితే అనుకొని చదివిన పాఠకులు కూడా లేకపోలేదు. ఇంతటి ఆదరం పొందిన వ్యక్తి తన యౌవనంలో వ్రాసిన కథలను పరుల ఇళ్లలో వదలిపెట్టి, పేరు దాచుకొని, సముద్రం దాటి, సంవత్సరాల తరబడి లెక్కల కచేరీలో గుమాస్తాగా కాలం గడిపినారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఆశ్చర్యంలోనే మనం గ్రహించవలసిన విషయం ఉన్నది.

శరత్‌బాబు 1876 సెప్టెంబరు 15న బెంగాలులోని హుగ్లీ జిల్లా, దేవానందపురంలో జన్మించినారు. తండ్రి మోతీలాల్ ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలిచినవారు కారు. ఆయనకు సాహిత్యమంటే ప్రాణం. కథలు, నవలలు, నాటకాలు, పద్యాలు, అన్నిటికీ చేయి పెట్టినారు. ఏ ఒక్కటీ ముగించలేదు. తన తండ్రినుంచి తనకు సంక్రమించిన ఆస్తి దేశద్రిమ్మరితనం, సాహిత్యాభిమానం, ఈ రెండేనని శరత్‌బాబు అనంతర కాలంలో చెప్పుకొన్నారు. బాల్యంలో ఆ సగం సగం వ్రాతప్రతులను మాటిమాటికీ చదివి, ఈ కథ ముగిసి ఉంటే ఎట్లా ముగిసేదా అని ఆలోచిస్తూ రాత్రులు నిద్రలేకుండా గడిపేవారట. ఇతరులకు కథాసక్తి కథ వినటంలో కలుగుతుంది. ఈ బాలునికి కథ ఆగిపోయిన చోట కలిగినది. పదిహేడేండ్ల ప్రాయానికే తాను చిన్నకథలు వ్రాయనారంభించటానికి అదే కారణమని ఆయన అభిప్రాయం.

ఇల్లు గడవక కుటుంబం చాలకాలం భాగల్‌పూరులో మాతామహుల పంచన ఉండవలసివచ్చినది. 1894లో శరత్‌బాబు ఎంట్రెన్సు పరీక్షలో కృతార్థులైనారు. మరుసటి సంవత్సరమే తల్లి మరణించినది. కాలేజీలో చేరినా, పరీక్ష రుసుము కట్టటానికి పైకం లేక చదువు అంతటితో ఆగిపోయినది. కాని ఆ భాగల్‌పూరులోనే, వరుసకు మేనమామలైన సమవయస్కులతోనూ మిత్రులతోనూ కలసి ఆయన ఒక చిన్న సాహిత్య గోష్ఠిని నడిపినారు. వారికి ‘ఛాయ’ అనే చేతివ్రాత పత్రిక ఉండేది. అచ్చుయంత్రం ఎరుగని ఆ చిన్న పత్రిక చుట్టూ చేరిన యువకులకు శరత్‌బాబే గురువు. ‘బడదీదీ’, ‘చంద్రనాథ్’, ‘దేవదాసు’ ఈ దినాలలో వ్రాసినవే. అప్పటికి ఆయన వయస్సు పాతికేండ్లకు అటూ ఇటూ. ఆ వ్రాతప్రతులు ఆయన దగ్గర నిలవలేదు. బంధుమిత్రుల పెట్టెలలో ఉండిపోయినవి.

1903లో బ్రతుకుతెరువు వెదకుకొంటూ ఆయన రంగూను ఓడ ఎక్కినారు. బయలుదేరేముందు జరిగిన ఒక చిన్న సంగతి ఆయన స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. ఆ రోజులలో ‘కుంతలీన్’ అనే తలనూనె తయారుచేసే వ్యాపారి ఏటేటా కథలపోటీ జరిపించి బహుమానాలు ఇచ్చేవాడు. శరత్‌బాబు ‘మందిర్’ అనే కథ వ్రాసి పోటీకి పంపినారు. కాని తన పేరు పెట్టలేదు. మేనమామ వరుస అయిన సురేంద్రనాథ్ గంగోపాధ్యాయుని పేరు పెట్టినారు. ఆ కథకు ప్రథమ బహుమానం వచ్చినది. అచ్చులో వెలువడిన ఆయన మొదటి కథ అదే. మొదటి గౌరవం ఈ విధంగా మరొకరి పేరుమీద నమోదైనది. ఓడిపోతే సిగ్గుపడనక్కరలేకుండా వేసుకొన్న ముసుగు, గెలిచినప్పుడు తన ముఖాన్నే కప్పివేసినది!

రంగూనులో ఆయన లెక్కల శాఖలో గుమాస్తాగా పనిచేసినారు. కాపురం ఉన్నది మిస్త్రీలూ కూలీలూ నివసించే పేదల పేటలో. వారికి అర్జీలు వ్రాసిపెట్టేవారు. హోమియోపతి మందు ఇచ్చేవారు. వారి తగవులు తీర్చేవారు. ప్లేగు వ్యాధి ఆయన భార్యనూ పసిబిడ్డనూ పొట్టనపెట్టుకొన్నది. మిగిలిన కాలమంతా చదువు, చిత్రలేఖనం. స్వదేశంలో ఆయన ఒక రచయిత అని ఎరిగినవారిని వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చును.

ఇట్లా ఉండగా 1907లో కలకత్తాలో ఒక వింత జరిగినది. భాగల్‌పూరు ప్రతులనుంచి నకలు తీసుకొన్న ఒక మిత్రుడు ‘బడదీదీ’ కథను ‘భారతి’ పత్రికలో అచ్చువేయించినాడు. రంగూనులో ఉన్న శరత్‌బాబును అడగనైనా లేదు. తొలి సంచికలలో రచయిత పేరు లేదు. చదివినవారు, ఇంత చక్కని కథ రవీంద్రుడు కాక మరెవరు వ్రాయగలరని అనుకొన్నారు. చివరి భాగంతో రచయిత పేరు బయటపడినది. కొత్త రచయితకు ఇంతకంటె ఘనమైన మెప్పు ఏమి కావలె? మహాకవి వ్రాసినదని పాఠకులు భ్రమపడటమంటే అది పది పతకాలతో సమానం. అయినా శరత్‌బాబు వెంటనే కలం పట్టి పత్రికలకు వ్రాయలేదు. మరి అయిదేండ్లు మౌనంగానే ఉండిపోయినారు.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించవలె. మెప్పు దొరికితే రచయిత సందేహం తీరిపోతుందని మనం అనుకొంటాము. శరత్‌బాబు విషయంలో తీరలేదు. లోకులు మెచ్చినది ఎన్నడో కుర్రతనంలో వ్రాసిన కథను. నేడు అట్టి కథ వ్రాయగలనా అన్న ప్రశ్నకు ఆ మెప్పులో జవాబు లేదు. పైపెచ్చు ఆ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. కథకుడు తాను వ్రాసిన ప్రతి కథ దగ్గరా మరల అ ఆలతో మొదలుపెట్టవలసినవాడే.

బాల్యంలో వ్రాసినమాటే మరచిపోయి, దాదాపు పద్దెనిమిది సంవత్సరాల తరువాత అనుకోకుండా మరల కలం పట్టినానని ఆయన స్వయంగా చెప్పుకొన్నారు. ఆ మాట పూర్తిగా నమ్మటానికి వీలులేదని 1912 ఫిబ్రవరిలో జరిగిన ఒక ప్రమాదం తెలుపుతున్నది. రంగూనులో ఆయన ఇల్లు అగ్నికి ఆహుతి అయినది. ఎంతో ప్రేమతో చేర్చుకొన్న పుస్తకాలతో పాటు, ‘మహాశ్వేత’ అనే తైలవర్ణ చిత్రం, ‘చరిత్రహీన్’ నవల ప్రతి, స్త్రీజాతి చరిత్రను గూర్చి వ్రాసిన వందల పుటల గ్రంథం కాలిపోయినవి. ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఈ నష్టాన్ని గూర్చి ఆయనే తెలిపినారు. వ్రాయటం మానినవాని ఇంట ఇన్ని వ్రాతప్రతులు ఎట్లా ఉన్నవి? ఆయన వ్రాయటం మానలేదు; చూపటం మానినారు. ఆత్మసంశయం కథకుని చేతినుండి కలాన్ని లాగివేయలేదు. వ్రాసిన కాగితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయించినది. అంతటి నష్టం తరువాత ఆయన చేసిన పని ఏమి? ‘చరిత్రహీన్’ను మొదటినుంచి మరల వ్రాయటానికి కూర్చున్నారు. తనపై తనకు నమ్మకం లేదని చెప్పుకొన్నవాని హృదయంలో ఎంత గట్టి నమ్మకం దాగి ఉన్నదో కాలిపోయిన ఆ ఇల్లే సాక్ష్యం చెప్పినది.

ఆ సంవత్సరమే సెలవుపై కలకత్తా వచ్చినప్పుడు ‘యమునా’ అనే చిన్న పత్రికవారు ఆయనను పట్టుకొన్నారు. పేరున్న రచయితలెవ్వరూ అంత చిన్న పత్రికకు వ్రాయటానికి ఒప్పుకొనలేదు. వారిని వదిలించుకొనటానికే తాను మాట ఇచ్చినానని, రంగూను చేరి ఆ సంగతి మరచిపోదామనుకొన్నానని ఆయనే వినోదంగా చెప్పుకొన్నారు. కాని ఉత్తరాలు, తంతులు వెంటబడినవి. ఎట్టకేలకు ఒక కథ పంపినారు. 1913లో వెలువడిన ఆ కథ ‘రామేర్ సుమతి’. అల్లరి మరది, అతనిని కన్నబిడ్డవలె పెంచిన వదినె: ఇంతే కథ. అది చదివి బెంగాలు దేశం ఉలిక్కిపడినది. ఒక్క దినంలో ప్రసిద్ధుడనైతినని ఆయన మాట. అప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు నిండినవి. ఇంత జరిగినా ముసుగు పూర్తిగా తొలగలేదు. అదే పత్రికలో ‘నారీర్ మూల్య’ అనే వ్యాసాలను తన అక్కగారైన అనిలాదేవి పేర ప్రకటించినారు.

తన రచనలను గూర్చి ఆయనకున్న సంశయం అన్నిటిపైనా ఒకే తీరుగా లేదు. ‘చరిత్రహీన్’ను మిత్రుడు ప్రమథనాథ్ ద్వారా, కొత్తగా వెలువడుతున్న ‘భారతవర్ష’ పత్రికకు పంపినారు. అది నీతిబాహ్యమని వారు త్రిప్పి పంపినారు. భోజనశాలలో పనికత్తె నాయిక కావటం వారికి సహించరానిదైనది. ఈ సందర్భంలో శరత్‌బాబు సంశయించలేదు, సంకోచించలేదు. ముగింపు చదవకుండా ఆ స్త్రీని ఎట్లా తూకం వేస్తారని వాదించినారు. టాల్‌స్టాయి ‘పునరుత్థానం’ నవలను సాక్ష్యం పిలిచినారు. అదే మిత్రుడు ‘దేవదాసు’ను ప్రచురణకు అడిగినప్పుడు మాత్రం వద్దేవద్దన్నారు. అది మత్తులో వ్రాసినదని, దానిని తలచుకొంటేనే సిగ్గు కలుగుతున్నదని సమాధానం ఇచ్చినారు.

లోకం తిరస్కరించినదాన్ని ఆయన నెత్తికెత్తుకొన్నారు. తాను తిరస్కరించినదాన్ని లోకం నెత్తికెత్తుకొన్నది. చివరకు 1917లో రెండు పుస్తకాలూ వెలువడినవి. అప్పటినుంచి ‘దేవదాసు’ ఆయన సొత్తు కాకపోయినది. కన్నీరు కార్చగల ప్రతివాని సొత్తు అయినది.

ఇంతకూ ఎవరి తీర్పు న్యాయమైనది? శరత్‌బాబుది పొరపాటని ఒక్కమాటతో కొట్టివేయటం సులభం. కాని శిల్పి దృష్టితో చూస్తే ఆయన సిగ్గుకు కారణం లేకపోలేదు. దేవదాసు ఒక నిర్ణయం చేయలేక నశించిన బలహీనుడు. ఇరవైనాలుగేండ్ల యువకుడు అతనిని వ్రాసినప్పుడు ఆ బలహీనతను దూరంగా నిలబడి చూడలేదు. తానూ దానిలో మునిగి వ్రాసినాడు. ముప్పదియేడేండ్ల ప్రౌఢునికి ఆ మునక కనిపించి ముఖం చెల్లలేదు. పాఠకులకు కావలసినది ఆ మునకే. వారు కథలో శిల్పాన్ని వెదకలేదు. తమ పిరికితనాన్ని, తమకు దక్కకపోయిన మనిషిని వెదకుకొన్నారు. రచయిత కనుగొన్న దోషమూ నిజమే, పాఠకుడు కనుగొన్న సత్యమూ నిజమే. ఒకే పుస్తకానికి ఈ రెండు విలువలూ ఉండవచ్చును. అందుచేత ఆత్మసంశయం కథకుని చేత మరింత బాగా వ్రాయించటానికి పనికివస్తుంది. వ్రాసినదానిని చింపివేయవలెనా, నిలపవలెనా అని తేల్చటానికి మాత్రం అది పనికిరాదు. మిత్రులు ఆయన మాట విని ఉంటే ‘బడదీదీ’ రంగూను చేరని కాగితాలలో కలసిపోయేది. ‘దేవదాసు’ చెదపురుగుల పాలయ్యేది.

ఇక సాఫల్యం సంగతి. 1916లో ఆరోగ్యం చెడి, కచేరీలో పై అధికారితో పొసగక, ఆయన ఉద్యోగం వదలి స్వదేశం తిరిగివచ్చినారు. నెలకు నూరు రూపాయలు ఇస్తామని కలకత్తాలోని ప్రకాశకులు మాట ఇచ్చిన ధైర్యంతో ఈ సాహసం చేసినారు. కలాన్ని నమ్ముకొని బ్రతకటం మన దేశంలో ఎంత కష్టమో అందరికీ తెలిసినదే. శరత్‌బాబు అది చేసి చూపినారు. రూపనారాయణ నదీతీరాన సామతాబేడలో ఇల్లు కట్టుకొన్నారు. 1923లో కలకత్తా విశ్వవిద్యాలయం జగత్తారిణీ పతకం ఇచ్చినది. 1936లో ఢాకా విశ్వవిద్యాలయం డి.లిట్. బిరుదంతో గౌరవించినది. ఎఫ్.ఏ. పరీక్షకు రుసుము కట్టలేకపోయిన విద్యార్థికి ఇది చిన్న గౌరవం కాదు.

అయితే గౌరవాలతోపాటు గాయాలూ వచ్చినవి. 1926లో ప్రచురించిన ‘పథేర్ దాబీ’ నవలను, అది రాజద్రోహకరమని మరుసటి సంవత్సరం ఆరంభంలోనే ప్రభుత్వం నిషేధించినది. రంగూను పేటలలో చూచిన కూలీల బ్రతుకు ఆ నవలకు ఊపిరి. నిషేధాన్ని ఖండించవలసినదిగా శరత్‌బాబు రవీంద్రుని కోరినారు. రవీంద్రుడు అందుకు ఒప్పుకొనలేదు. ప్రభుత్వంపై కత్తి దూసిన రచయిత ఆ కత్తిదెబ్బకు సిద్ధపడి ఉండవలెనన్నది ఆయన జవాబు సారాంశం. బాల్యంనుంచి గురువుగా భావించినవాని లేఖ అది. ఎంతో నొచ్చుకొని శరత్‌బాబు ఒక ప్రత్యుత్తరం వ్రాసినారు. కాని దానిని పంపలేదు. పూర్వం వ్రాసిన కథలను దాచుకొన్నవారు, ఈ పర్యాయం తన బాధను దాచుకొన్నారు. ఆ నిషేధం తొలగటం ఆయన మరణానంతరమే జరిగినది.

తన రచనకు మూలాధారమేదో 1932లో కలకత్తా టౌన్‌హాలులో జరిగిన సన్మాన సభలో ఆయన వెల్లడించినారు. సంసారంలో ఇవ్వటమే కాని పుచ్చుకొనటం ఎరుగనివారు, వంచితులు, దుర్బలులు, మనుష్యులై ఉండి కూడా సాటి మనుష్యులచేత కన్నీటి లెక్క అడిగించుకొనని అభాగ్యులు తన నోరు తెరిపించినారని, తాను వారికి ఋణపడి ఉన్నానని ఆ ప్రసంగ భావం. పూలదండలు వేసిన సభలో తన శక్తిని గూర్చి కాక తన అప్పును గూర్చి మాట్లాడినారు. ఈ మాటతో ఆయన సందేహాలకు ఒక అర్థం ఏర్పడుతున్నది. అప్పు తీర్చవలసినవానికి, తీరినదో లేదో అన్న అనుమానం ఎల్లప్పుడూ ఉంటుంది. రచనను తన ఆస్తి అనుకొన్నవానికి గర్వం కలుగుతుంది; ఇతరుల ఋణమనుకొన్నవానికి సంశయం కలుగుతుంది.

1938 జనవరి 16న కలకత్తాలో శరత్‌బాబు కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు అరువదియొక్క సంవత్సరాలు. తెలుగునాట ఆయనకు దొరికిన సంపూర్ణ సాఫల్యం ఆయన కంట పడలేదు. మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ అభ్యసించిన చక్రపాణి, వారి తరువాత బొందలపాటి శివరామకృష్ణ మొదలైనవారు ఆయన నవలలను తెనిగించినారు. 1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రం ఊరూరా మారుమ్రోగినది. ‘నిష్కృతి’ 1957లో ‘తోడికోడళ్లు’గా, ‘బడదీదీ’ 1961లో ‘బాటసారి’గా, ‘దత్త’ ఆ ఏడే ‘వాగ్దానం’గా తెరకెక్కినవి. రచయిత అనుమతి లేకుండా అచ్చయిన కథ ఒకటి, అచ్చువేయవద్దని రచయితే ప్రాధేయపడిన కథ ఒకటి, ఆ భాష ఎరుగని ప్రజల కుటుంబ కథలైనవి. తన కథ ఎంత దూరం పోగలదో తెలుసుకొనే అవకాశం కథకునికి లేదు. అది అతని దుఃఖం. అదే అతని భాగ్యం కూడా.

ఇంకొక మాట మిగిలి ఉన్నది. శరత్‌బాబు చివరి దినాలలో వ్రాస్తున్న ‘శేషేర్ పరిచయ్’ నవల ఆయనతో పూర్తి కాలేదు. ఆ మిగిలిన భాగాన్ని రచయిత్రి రాధారాణీదేవి పూరించగా 1939లో గ్రంథం వెలువడినది. తండ్రి వదలిన సగం కథల ముందు కూర్చుండి, తరువాత ఏమైనదా అని నిద్ర మానుకొన్న బాలుడు చిట్టచివరకు తానూ ఒక సగం కథను వదలి వెళ్లినాడు. కాని ఈసారి ఆ ప్రతి పెట్టెలో ఉండిపోలేదు. ముగించటానికి ఒక చేయి ముందుకు వచ్చినది. చదవటానికి ఒక దేశం వేచి ఉన్నది. కథకునికి ఇంతకు మించిన ప్రతిఫలం ఏమున్నది?